ఎండుద్రాక్ష ఏ చెట్టుకు కాస్తుంది?

(పై తరగతుల పిల్లలకు, వారి తల్లిదండ్రులకు ఒక పాఠం)

మన బడిలో ‘పంటలు’ పాఠం జరుగుతున్న రోజున ఒకటో తరగతి చిన్నారి తన డబ్బాలోంచి నాలుగు ఎండుద్రాక్షలు తీసి, "టీచర్, ఇవి ఏ చెట్టుకు కాస్తాయి?" అని అడిగింది. వెనక కూర్చున్న పెద్ద పిల్లలు నవ్వారు. నవ్వినవాళ్ళనే లేపి అడిగాం. ద్రాక్షపండ్లు ఎండితే ఎండుద్రాక్ష అవుతుందని అందరికీ తెలుసు. ఎక్కడ ఎండబెడతారు, ఎన్ని రోజులు, మధ్యలో వాన వస్తే ఎలా అంటే మాత్రం ఎవరూ నోరు మెదపలేదు. నిజం చెప్పాలంటే మాకూ తెలియదు. పొద్దున లేస్తే కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళమే మాలో ఎక్కువమంది.

అందుకని ఆగస్టు చివరి శనివారం పిల్లల్నీ, వీలైన తల్లిదండ్రుల్నీ వెంటబెట్టుకుని ఫ్రెస్నో వైపు బయల్దేరాం. బే ఏరియా నుంచి మూడు గంటల ప్రయాణం. ఇండియా నుంచి వచ్చి ఉన్న ఒక విద్యార్థి తాతగారు కూడా మాతో వచ్చారు. మేడ్చల్ దగ్గర ఆయనకు ఒకప్పుడు ఆరెకరాల ద్రాక్షతోట ఉండేదట. ఆ రోజు మా అందరికీ పంతులుగారు ఆయనే అయ్యారు.

అమెరికాలో తయారయ్యే ఎండుద్రాక్ష దాదాపు అంతా ఫ్రెస్నో చుట్టుపక్కల ఉన్న శాన్ వాకీన్ లోయలోదే. అందులో చాలాకాలం పెద్దపీట వేసిన రకం థామ్సన్ సీడ్‌లెస్. 1870లలో యూబా సిటీ దగ్గర విలియం థామ్సన్ అనే రైతు ఈ గింజలేని తీగను పెంచి పదిమందికీ పంచాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. తీగ పుట్టిల్లు మాత్రం పశ్చిమాసియా. పేరు వినగానే తాతగారి ముఖం వెలిగింది. "మా తోటల గిదే పెట్టినం. అంతకు ముందు మా నాయిన కాలంల అనాబ్-ఎ-షాహి ఉండె" అన్నారు. అనాబ్-ఎ-షాహి అంటే రాజుగారి ద్రాక్ష అని అర్థం. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాదుకు తెచ్చి నాటిన రకం అది. హైదరాబాదు చుట్టూ పందిళ్ళ మీద దశాబ్దాలపాటు అదే విరగకాసింది. పిల్లలూ, మీ అమ్మమ్మనో నానమ్మనో అడగండి, ఆ పొడుగాటి పచ్చ ద్రాక్ష రుచి వాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

నేల మీద పరిచిన పంట

మేము చూసిన తోట ఒక పంజాబీ రైతుది. ఈ లోయలో ద్రాక్ష పండించే పంజాబీ కుటుంబాలు చాలా ఉన్నాయి. తాతగారికి ఇంగ్లీషు రాదు, రైతుగారికి తెలుగు రాదు. అయితేనేం, తాతగారి హైదరాబాదీ హిందీతో పని జరిగిపోయింది. మేమే మధ్యలో అనువాదం కోసం పిల్లల వైపు, పిల్లలు మా వైపు చూడాల్సి వచ్చింది.

వరుసల మధ్య నేలను చదునుచేసి, దక్షిణం వైపు కొంచెం వాలుగా ఉంచి, దాని మీద మందపాటి కాగితాలు పరుస్తారు. కూలీలు చిన్న వంకర కత్తితో గుత్తులు కోసి ఒక్కో కాగితం మీద సుమారు 20 పౌన్లు పరుస్తారు. రెండు మూడు వారాలు ఎండలో ఎండాక ఆ కాగితాన్ని పండుతో సహా చుట్టచుట్టి, తరువాత ఎత్తుకుపోతారు. నాలుగు, నాలుగున్నర పౌన్ల పచ్చి పండు ఎండితే ఒక పౌను ఎండుద్రాక్ష వస్తుంది. ఈమధ్య కొన్ని తోటల్లో తీగ మీదే ఎండనిచ్చి యంత్రంతో రాలుస్తున్నారు. మేము వెళ్ళినది మాత్రం పాత పద్ధతి తోట.

అంటే ఏడాది పొడుగునా పెట్టిన డబ్బు, పడిన శ్రమ మొత్తం ఆ మూడు వారాలూ ఆరుబయట కాగితాల మీద పడి ఉంటుందన్నమాట. పైన కప్పు లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

తెలిసిన ముఖాలు

తోటలోకి అడుగుపెట్టి పది గజాలు నడిచారో లేదో, తాతగారు వంగి చెప్పులోంచి ఏదో పీకారు. "ఇది మన పల్లేరే గదా బిడ్డా! ఈడికెట్ల వచ్చింది?"

నిజంగానే పల్లేరుకాయ. ఇక్కడివాళ్ళు దాన్ని మేకతల అంటారు. సైకిలు టైర్లకు పంక్చరు చేయడంలో దీని పేరు మోగిపోయింది. ఎండుద్రాక్ష తోటలో ఈ ముల్లు పండులో కలిసిందంటే సరుకు పాడైనట్టే. దీని పొగరు అణచడానికి 1961లో ఇటలీ నుంచి రెండు రకాల ముక్కుపురుగుల్ని తెచ్చి వదిలారు. ఒకటి గింజను తొలుస్తుంది, ఇంకొకటి కాండాన్ని తొలుస్తుంది. మందు చల్లకుండా పురుగుతోనే కలుపును తినిపించడమన్నమాట.

అక్కణ్ణుంచి తాతగారిని ఆపడం మా వల్ల కాలేదు. గట్టు మీద గరిక. మనం వినాయకుడికి పెట్టే గరికే. భూమిలోపల దుంపవేళ్ళతో పాకుతుంది కాబట్టి పైన ఎంత కోసినా మళ్ళీ మొలుస్తుంది. దున్నితే ముక్కలై ఇంకా ఎక్కువవుతుంది. నీటిచుక్కల గొట్టాల దగ్గర తుంగ. వరుసల మధ్య అడవి తోటకూర. నేలను అంటిపెట్టుకుని గంగవాయిలి కూర! తల్లుల్లో ఇద్దరు వెంటనే సంచులు తీశారు. రైతుగారు చేయి అడ్డంపెట్టి వద్దన్నారు. "అది తినే కూర అని మాకూ తెలుసు. కానీ మందు చల్లిన నేల మీద మొలిచింది తినకూడదు." పప్పులోకి అనుకున్నవాళ్ళు నిరాశపడ్డారు గానీ, ఆ రోజు పాఠంలో అది ముఖ్యమైన వాక్యం.

కలుపు వల్ల నష్టమేమిటి? లేత తీగలకైతే నీళ్ళు, ఎరువు దక్కనివ్వదు. ముదురు తీగ తట్టుకుంటుంది. కానీ కాగితాలు పరచడానికి నేల శుభ్రంగా ఉండాలి. ఇంకో సంగతి మాకు కొత్త: వసంతంలో కలుపు లేకుండా తడిగా, గట్టిగా ఉన్న నేల పగటి వేడిని బాగా పట్టి ఉంచి రాత్రి వదులుతుందట. గడ్డి పెరిగిన తోటలో రాత్రి చలి ఎక్కువ. మంచు కురిసే రాత్రి ఆ ఒకటి రెండు డిగ్రీలే చిగుళ్ళను కాపాడతాయి.

చాలామంది గ్లైఫోసేట్ అనే కలుపుమందు మీద ఆధారపడ్డారు. ఒకే మందు ఏళ్ళ తరబడి కొడితే ఏమవుతుందో ఈ లోయలోనే తెలిసింది. దానికి చావని గుర్రపుతోక కలుపు 2005లో ఇక్కడ బయటపడింది. అందుకే ఇప్పుడు దున్నడం, మందు మార్చి మార్చి చల్లడం, కొన్నిచోట్ల చలికాలంలో గొర్రెల్ని మేపడం, అన్నీ కలిపి చేస్తున్నారు.

"మా దిక్కు ఆడోళ్ళు కూసోని తీస్తరు" అన్నారు తాతగారు. రైతుగారు తల అడ్డంగా ఊపారు. కాలిఫోర్నియా పొలాల్లో ఒకప్పుడు జానెడు పిడి ఉన్న పొట్టి పార ఇచ్చి, రోజంతా నడుము వంచి కలుపు తీయించేవారు. వేలమందికి నడుములు పోయాయి. కోర్టు దాకా వెళ్ళి పోరాడితే 1975లో ఆ పొట్టి పారను నిషేధించారు. ఆయన షెడ్డులో ఉన్న పారలన్నింటికీ పొడుగు పిడులే.

షెడ్డులో మాకు ఒక లావుపాటి ఫైలు చూపించారు. అనుమతి పత్రాలు, మందు చల్లిన తేదీలు, కూలీల శిక్షణ రికార్డులు. "ఇందులో ఉన్న ప్రతి కాగితమూ ఎవరో ఒకరికి ఏదో నష్టం జరిగాక పుట్టిందే" అన్నారు. అప్పటికి మాకు ఆ మాట పెద్దగా పట్టలేదు. తిరిగొచ్చి ఒక్కొక్కటీ చదువుతుంటే పట్టింది.

బూడిదతో లెక్కలు

ద్రాక్షకు రెండు పెద్ద తెగుళ్ళు. పేర్లు దగ్గరగా ఉంటాయి, గుణాలు వేరు. బూజు తెగులుకు వాన, తడి కావాలి. బూడిద తెగులుకు వాన అక్కర్లేదు, ఓ మోస్తరు వెచ్చదనం చాలు. అందుకే మేడ్చల్‌లో తాతగారి శత్రువు బూజు. వేసవిలో చినుకు పడని ఫ్రెస్నోలో శత్రువు బూడిద. ఆకుల మీద, కాయల మీద తెల్లటి పొడి పరుచుకుంటుంది. లేత కాయకు పట్టిందంటే తోలు సాగక పగిలిపోతుంది.

ఎప్పుడు మందు చల్లాలి? డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు దీనికి ఒక లెక్క కట్టారు. లెక్కలంటే ఇష్టమున్న పిల్లలు కాగితం తీసుకోండి. ఒక రోజులో కనీసం 6 గంటలు ఎడతెగకుండా 70 నుంచి 85 ఫారెన్‌హీట్ డిగ్రీల మధ్య ఉంటే 20 మార్కులు. అలా వరుసగా 3 రోజులు వస్తే 60 మార్కులతో ఆట మొదలైనట్టు. ఆ తరువాత అలాంటి ప్రతి రోజుకూ 20 కలపాలి. అలా లేని రోజున 10 తీసేయాలి. ఎండ 95 డిగ్రీలు దాటి పావుగంట ఉన్నా 10 తీసేయాలి, ఎందుకంటే ఆ వేడికి బూడిద కూడా నీరసపడుతుంది. మొత్తం 100 దాటదు, 0 కిందికి పోదు. 60, ఆ పైన ఉంటే మందు తొందర తొందరగా చల్లాలి. 30 లోపలుంటే ఆగవచ్చు. ఇప్పుడు చెప్పండి: సోమవారం 60 ఉంది. మంగళవారం హాయిగా 80 డిగ్రీల్లో గడిచింది. బుధవారం తెల్లారినప్పటి నుంచీ మండిపోయింది, 6 గంటల మంచి వేళ దొరకలేదు. బుధవారం రాత్రికి ఎంత? (జవాబు 70. మా టీచర్లలో ఒకరు 60 అన్నారు. పేరు చెప్పం.)

ఈ లెక్క లేనప్పుడు వారానికోసారి గుడ్డిగా చల్లేవారు. ఇప్పటికీ ఎక్కువమంది చల్లేది గంధకం పొడే. కాలిఫోర్నియాలో తూకం ప్రకారం అన్నిటికన్నా ఎక్కువగా వాడే మందుల్లో ఇదొకటి. సేంద్రియ తోటల్లోనూ వాడవచ్చు. అలాగని నిప్పుతో చెలగాటం లేదనుకోకండి. వంద డిగ్రీల ఎండలో చల్లితే ఆకు మాడుతుంది. గాలికి పక్క ఇంటి మీదికి పోతే కళ్ళు మండుతాయి.

ఇక బూజు తెగులు మందు పుట్టిన కథ తాతగారే చెప్పారు, ఒక్క సంగతి తప్ప. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు రైతులు దారినపోయేవాళ్ళు ద్రాక్ష కోయకుండా దారి పక్క తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చిమ్మేవారట. నీలంగా, విషంలా కనపడి దొంగలు ముట్టరని. ఆ దొంగల భయం ఉన్న తీగలకే తెగులు రాలేదని మిలార్డే అనే శాస్త్రజ్ఞుడు గమనించి 1885లో లోకానికి చెప్పాడు. అదే బోర్డో మిశ్రమం. వంద లీటర్ల నీళ్ళకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం. ఇనుప పాత్రలో కలపకూడదు. కలిపాక తళతళలాడే ఇనుప కత్తి ముంచి చూడాలి. కత్తికి ఎర్రటి పూత పడితే సున్నం తగ్గినట్టు, ఇంకా కలపాలి. తాతగారు ఇదంతా చేతులతో చూపిస్తూ చెప్పారు. ఆయనకు తెలియని సంగతి దొంగల ముచ్చట. అది మేము చెప్పి ఆయన్ని నవ్వించాం.

సీసా మీది కాగితం

షెడ్డు గోడకు ఆనించి పుర్రె బొమ్మ ఉన్న బోర్డు కనిపించింది. ‘డేంజర్’ అని ఇంగ్లీషులో, ‘పెలిగ్రో’ అని స్పానిషులో. కొన్ని మందులు చల్లాక ఆ బోర్డు తోట దారిలో పెట్టాలి. చల్లిన తరువాత ఎన్ని గంటలు లోపలికి పోకూడదో, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో సీసా మీది కాగితంలోనే రాసి ఉంటుంది. ఈ దేశంలో ఆ కాగితమే చట్టం. దానికి విరుద్ధంగా వాడితే నేరం. గట్టి విషాలకైతే కౌంటీ వ్యవసాయ కమిషనరు ఆఫీసు నుంచి ముందు అనుమతి తెచ్చుకోవాలి. 1990 నుంచి కాలిఫోర్నియా రైతులు ఏ పొలంలో ఏ మందు ఎంత వాడారో ప్రతిదీ రిపోర్టు చేయాలి. అంత పూర్తిగా లెక్క అడిగిన మొదటి రాష్ట్రం ఇదే. 2025 మార్చి నుంచి, అనుమతి అవసరమైన మందులు పొలంలో చల్లబోయే ముందు చుట్టుపక్కలవాళ్ళు ఆన్‌లైన్‌లో చూసుకునే ఏర్పాటు కూడా వచ్చింది. క్లోర్‌పైరిఫాస్ అనే మందు పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుందని తేలాక 2020 చివరికల్లా ఇక్కడ దాదాపు పూర్తిగా ఆపేశారు.

తాతగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు: "మేము మూతికి తువ్వాల కట్టుకోని కొట్టినం. సీసా మీద ఏం రాసిందో సదివెటోడు లేకుండె." మా పిల్లలెవరూ ఏమీ అనలేదు. ఆయన మనవడు మాత్రం తాతగారి చేయి పట్టుకున్నాడు.

కాగితం చదవకపోతే ఖర్చు ఎంతవుతుందో మన దేశ రైతులకు 2010లో తెలిసొచ్చింది. ఇండియా నుంచి యూరప్ వెళ్ళిన ద్రాక్షలో క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్ అనే తీగ ఎదుగుదల మందు అవశేషాలు పరిమితికి మించి ఉన్నాయని అక్కడ ఆపేశారు. పండు చూడటానికి బంగారంలా ఉంది. అయినా దిగలేదు.

కరివేపాకు సంగతి

ఇది తల్లిదండ్రులు తప్పక చదవాలి.

దక్షిణ కాలిఫోర్నియాలో టెమెక్యులా అనే ద్రాక్షసీమ ఉంది. 1999లో అక్కడి తోటలు ఆకులు మాడి వరసగా చచ్చిపోవడం మొదలైంది. పియర్స్ తెగులు. తీగలో నీళ్ళు పారే సన్నని నాళాల్లో ఒక బ్యాక్టీరియా చేరి వాటిని మూసేస్తుంది. నేల తడిగానే ఉన్నా తీగ దాహంతో చస్తుంది. ఈ తెగులు కాలిఫోర్నియాకు కొత్తది కాదు. 1880లలో అనాహైమ్ ద్రాక్షతోటల్ని తుడిచిపెట్టింది ఇదే. ఇప్పుడు డిస్నీలాండ్ ఉన్న ఊరే అది. కొత్తగా వచ్చింది దాన్ని మోసే పురుగు. గాజురెక్కల పచ్చదోమ జాతి పురుగు, అరంగుళం పొడుగు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల నుంచి 1990 ప్రాంతంలో ఇక్కడికి చేరింది. నర్సరీ మొక్కల ఆకుల కింద అంటుకున్న గుడ్లతో వచ్చి ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ తరువాత 2000లో రాష్ట్రం చట్టం చేసి, ఆ పురుగున్న ప్రాంతాల నుంచి వచ్చే నర్సరీ మొక్కల్ని తనిఖీ చేయడం మొదలుపెట్టింది. డేవిస్‌లో ఆండ్రూ వాకర్ ఈ తెగులును తట్టుకునే ద్రాక్ష రకాల మీద ఏళ్ళ తరబడి పనిచేసి 2019లో ఐదు కొత్త రకాలు విడుదల చేయించారు.

నాపాలో 2009లో యూరోపియన్ ద్రాక్ష చిమ్మట దొరికింది. లోయలోంచి పండు, యంత్రాలు బయటికి వెళ్ళాలంటే తనిఖీలు, కట్టుబాట్లు పెట్టారు. ఆడ చిమ్మట వాసనను తోటంతా పరిచి మగ చిమ్మటలు దారి తప్పేలా చేశారు. ఏడేళ్ళు అందరూ కలిసి పట్టుబడితే 2016 ఆగస్టులో దాన్ని నిర్మూలించామని ప్రకటించారు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో ఉన్న మీ కజిన్లను అడిగితే మచ్చల లాంటర్న్ పురుగు గురించి చెబుతారు. అమెరికాలో 2014లో పెన్సిల్వేనియాలో మొదట కనిపించింది. అదీ ద్రాక్షతీగల రసం పీల్చేదే.

మరి కరివేపాకు ఎక్కడ వచ్చింది? నిమ్మ, నారింజ చెట్లను చంపే పచ్చతెగులును మోసే సిల్లిడ్ అనే చిన్న పురుగుకు కరివేప చాలా ఇష్టమైన మొక్క. అది 2008లో శాన్ డియేగో ప్రాంతంలో కనబడింది. తెగులు సోకిన మొదటి చెట్టు 2012లో లాస్ ఏంజెలెస్ దగ్గర ఒక ఇంటి పెరట్లో దొరికింది. అప్పటి నుంచి క్వారంటైన్ ప్రాంతాల నుంచి కరివేప మొక్కను బయటికి తీసుకుపోవడం నిషిద్ధం. లాస్ ఏంజెలెస్‌లో పిన్నిగారింటి నుంచి కారు డిక్కీలో మొక్క తేవడం మనలో చాలామందికి అలవాటు. మేమూ చేశాం, తెలియక. ఇక్కడి నుంచే దొరికే చోట, అనుమతి ఉన్న నర్సరీలో కొనుక్కుందాం. ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో దాచిన మామిడిపండుకూ, కరివేపాకు కట్టకూ ఇదే మాట. కస్టమ్స్ ఫారం అడిగేది మన నోరు కట్టేయడానికి కాదు.

వాన, మంచు, మరొకరి నీళ్ళు

ఇప్పుడు ఆ కాగితాల దగ్గరికి వద్దాం. సెప్టెంబరులో ఫ్రెస్నోలో వాన అరుదు. అరుదు అంటే రాదని కాదు. 1976లోనూ, 1978లోనూ కోత కాలంలోనే వానలు పడి నేల మీద ఉన్న పంటంతా బూజుపట్టి కుళ్ళిపోయింది. ఆ రెండు ఏళ్ళ గురించి ఈ లోయలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రైతుకు ఇక్కడొక చిక్కు ఉంది. ముందే కోస్తే తీపి తక్కువ, బరువు తక్కువ. ఆగితే తీపి పెరుగుతుంది, వాన ముప్పూ పెరుగుతుంది. పంట బీమా కూడా ఫలానా తేదీలోగా కాగితాల మీద పరిస్తేనే వర్తిస్తుంది.

తాతగారి తోటకు వాన కాదు, వడగళ్ళు. పండు పక్వానికి వచ్చిన మార్చిలో పావుగంట పడ్డాయట. పందిరి కింద నేలంతా పచ్చగా రాలిన కాయలు. ఆ మరుసటేడు బోరు ఎండింది. ఆ తరువాత పక్కన వెంచరు వచ్చింది. రాతి కడీలు మాత్రం కొన్నాళ్ళు అలాగే నిలబడి ఉండేవట.

వైన్ ద్రాక్ష పండే ఉత్తర ప్రాంతాల్లో భయం వసంతపు మంచు. లేత చిగురు గడ్డకడితే ఆ ఏడు పంట పోయినట్టే. దానికి వాళ్ళు చేసే పని వింటే విచిత్రంగా ఉంటుంది. చలి రాత్రి తీగల మీద నీళ్ళు చల్లుతారు! నీరు మంచుగడ్డగా మారేటప్పుడు గ్రాముకు 80 కేలరీల వేడిని వదులుతుంది. పైన మంచు పేరుకుంటూ ఉన్నంతసేపూ లోపలి చిగురు సున్నా సెల్సియస్ దగ్గరే నిలబడుతుంది. మధ్యలో నీళ్ళు ఆగాయా, అంతే సంగతులు.

2008 వసంతంలో రష్యన్ రివర్ పరిసరాల్లో అదే జరిగింది. మంచు రాత్రుల్లో చాలా తోటలు ఒకేసారి నీళ్ళు తోడటంతో ఏరుల్లో మట్టం చటుక్కున పడిపోయి, అంతరించిపోతున్న సాల్మన్ చేపపిల్లలు ఒడ్డున చిక్కి చనిపోయాయి. రైతు తన చిగుళ్ళను కాపాడుకోవడం తప్పా? కాదు. చేపది తప్పా? అదీ కాదు. ఎవరెప్పుడు ఎంత తోడాలో ముందే లెక్క వేసుకోవాలని రాష్ట్ర నీటి బోర్డు 2011లో నియమం తెచ్చింది. రైతులు కోర్టుకు వెళ్ళారు. 2014లో నియమమే నిలిచింది.

అన్ని నియమాలూ నిలవాలని లేదు. ఎండుద్రాక్ష ధర పడిపోకుండా పంటలో కొంత భాగాన్ని పక్కన పెట్టించే పద్ధతి 1949 నుంచి ఉండేది. 2002-03లో ఆ వాటా నూటికి 47 పాళ్ళు. దానికి రైతుకు ఆ ఏడాది వచ్చిన డబ్బు పండించిన ఖర్చుకన్నా తక్కువ. ఫ్రెస్నో పక్కనే కెర్మన్‌లోని హార్న్ కుటుంబం మా పంట మేము ఇవ్వమంది. సుమారు 4,80,000 డాలర్ల పండు విలువ, దాని పైన 2,00,000 డాలర్లకు మించి జరిమానా కట్టమన్నారు. వాళ్ళు అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్ళారు. నష్టపరిహారం లేకుండా ప్రభుత్వం రైతు పండును తీసుకోకూడదని 2015 జూన్ 22న కోర్టు చెప్పింది. ఒకప్పుడు రైతును కాపాడటానికి పుట్టిన నియమమే అది. మా పిల్లలు దీని మీద రెండు జట్లుగా చేరి తిరుగు ప్రయాణం మొత్తం వాదించుకున్నారు, అదీ తెలుగులో!

నీడ

మధ్యాహ్నం 1 గంటకు ఎండ 101 డిగ్రీలు. కోత ఆపి కూలీలు గుడారం నీడలో కూర్చున్నారు. పక్కనే చల్లటి నీళ్ళ డబ్బాలు. ఎండ 80 డిగ్రీలు దాటితే నీడ ఏర్పాటు చేయాలి. మనిషికి గంటకు పావు గాలను నీళ్ళు అందాలి. 95 దాటితే రెండు గంటలకోసారి పది నిమిషాల విశ్రాంతి తప్పనిసరి. పొలాల్లో వడదెబ్బ చావుల తరువాత 2005లో కాలిఫోర్నియా ఈ నియమాలు తెచ్చింది. అయినా 2008 మేలో స్టాక్‌టన్ దగ్గర ద్రాక్షతోటలో పనిచేస్తూ 17 ఏళ్ళ గర్భిణి వడదెబ్బకు చనిపోయింది. నీడ, నీళ్ళు దగ్గర్లో లేవు. మా పిల్లల్లో 17 ఏళ్ళవాళ్ళు ఇద్దరున్నారు. ఆ తరువాత 2010లో, 2015లో నియమాల్ని ఇంకా బిగించారు.

బయల్దేరే ముందు తాతగారు తీగను నిమురుతూ, ఒక కొమ్మ ముక్క ఇస్తే ఊరికి పట్టుకుపోతానని రైతుగారిని అడిగారు. రైతుగారు ఆ లావుపాటి ఫైలు వైపు చూశారు. ఇద్దరూ నవ్వుకున్నారు. "ఎరుకే. ఊకెనే అడిగిన" అన్నారు తాతగారు కారెక్కుతూ.

సెప్టెంబరు రెండో వారంలో ఫ్రెస్నో మీద మబ్బు కమ్మిందని వార్తల్లో చూసి పిల్లలే ఆయనకు ఫోన్ చేశారు. ముందు రోజే కాగితాలు చుట్టేశానని, చినుకు రాలలేదని చెప్పారు.

ఇంటిపని: మీ గ్యారేజీలో ఉన్న కలుపుమందు లేదా పురుగుమందు సీసాను ముట్టుకోకుండా, అమ్మనో నాన్ననో పట్టుకోమని, దాని మీది కాగితం చదవండి. ఎన్ని గంటల తరువాత ఆ గడ్డి మీద ఆడుకోవచ్చో తెలుగులో రాసుకురండి. పల్లేరు, గరిక, తుంగ, గంగవాయిలి, వీటిలో ఏదైనా మీ పెరట్లో దొరికితే ఫోటో తీసి తెండి. బూజు తెగులుకూ బూడిద తెగులుకూ తేడా రెండు వాక్యాల్లో రాయండి.